తలా ఒక చెయ్యి

అనగనగా ఒక ఏరు. ఆ ఏటి కడుపులో ఒక లంక. లంక చుట్టూ నీళ్ళు, లంకలో మనుషులు, ఆ మనుషులకు ఒక దేవుడు.

కుదురుగా కూర్చోండి పిల్లలూ. ఇది జోకొట్టే కథ కాదు. మీ వెనక గోడకు ఆనుకుని ఆవలిస్తున్న పెద్దవాళ్ళు కూడా వినాలి. అసలు వాళ్ళే వినాలి.

ఆ లంకలో మొదట ఎవరూ లేరు. ఎక్కడో కరువు పడింది. తిండి లేని జనం కొందరు నడిచి నడిచి ఏటి ఒడ్డుకు చేరారు. వాళ్ళకు ముందు నడిచింది ఒక ముసలామె. అందరూ ఆమెను పెద్దమ్మ అనేవారు. ఒడ్డున కూలబడి ఆమె ఏడిస్తే దేవుడు పలికాడు.

"అదిగో, ఆ లంక మీకిచ్చాను. ఒండ్రు నేల, ఏది చల్లినా పండుతుంది. మీ జోలికి రావద్దని ఏటికి కూడా చెప్పాను. కానీ ఏరు ఏరే కదా! దానికి అడ్డంగా గట్టు పోసుకోండి. ఏటేటా తొలకరికి ముందు ఆ గట్టుకు తలా ఒక చెయ్యి వేయండి. అందరూ వేయాలి. గొప్పా లేదు, బీదా లేదు. ఒక్కరు తప్పినా ఏటితో నేను చెప్పిన మాట చెల్లదు."

దేవుడు చెప్పింది ఇంతే. బాగా గుర్తుపెట్టుకోండి. ఇంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

జనం లంకకు చేరారు. మగవాళ్ళు పారలు పట్టారు. ఆడవాళ్ళు తట్టలెత్తారు. పిల్లలు మట్టి తొక్కారు. గట్టు లేచింది. పని ముగిసిన సాయంత్రం, గట్టు మొదట్లో నిలబెట్టిన రాతి దగ్గరికి అందరూ వెళ్ళారు. బురద చేతులు కడుక్కోకుండానే, ఆ చేతులను రాతి మీద అద్దారు. 'స్వామీ, నీ మాట ప్రకారం నా చెయ్యి వేశాను, చూసుకో' అని దానికి అర్థం.

వరదల కాలం వచ్చింది. ఏరు గట్టును ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తడిమి చూసింది. అందరి చేతులూ తగిలాయి. తల వంచుకుని పక్కనుంచి వెళ్ళిపోయింది.

ఇలా చాలా తరాలు బతికారు. బాగా బతికారు. బాగా బతికితే మనుషులకు ఏం వస్తుందో తెలుసా? బద్ధకం వస్తుంది.

మొదట, పొలాలున్నవాళ్ళు, "మట్టి పని పాలేళ్ళు చూస్తారులే, మేము వచ్చి రాతి మీద చెయ్యి అద్దిపోతాం" అన్నారు. అది చూసి పాలేళ్ళు కూడా, "వాళ్ళకు లేని మట్టి మాకెందుకు?" అన్నారు.

తర్వాత, "పండగ పూట కొత్త బట్టలకు ఈ బురదేమిటి? పసుపైతే శుభం కదా!" అన్నారు. బురద పోయింది, పసుపు వచ్చింది.

ఆ తర్వాత, "గట్టు దాకా ఎవరు నడుస్తారు, ముళ్ళు గుచ్చుకుంటున్నాయి" అన్నారు. ఆ రాతిని పెకలించి, ఊరి నడుమ గుడి దిబ్బ మీదికి తెచ్చి, దాని చుట్టూ రాతి మండపం కట్టారు.

ఏటా తొలకరికి ముందు నగారా మోగుతుంది. జనమంతా పట్టు బట్టలతో దిబ్బ ఎక్కుతారు. "తలా ఒక చెయ్యి వేయండి" అని పూజారి రాగం తీస్తాడు. అరచేతికి పసుపు పూసుకుని అందరూ రాతి మీద అద్దుతారు. పులిహోర తిని ఇంటికి పోతారు. దానికి చేతుల పండగ అని పేరు.

నవ్వుతున్నారా? నవ్వకండి. వాళ్ళలో ఒక్కడికి కూడా తాము తప్పు చేస్తున్నామని అనిపించలేదు. దేవుడు చెయ్యి వేయమన్నాడు, వేస్తున్నారు! ఒక్కరూ తప్పడం లేదు! ఇంత భక్తి గల ఊరు ఏటికి అటూ ఇటూ లేదని పేరు కూడా తెచ్చుకున్నారు. ఇక్కడేమో గట్టు మీద మేకలు మేశాయి. గట్టులోకి ఎండ్రకాయలు కాపురానికి వచ్చాయి. తాతల చేతుల బలంతో ఇన్నాళ్ళూ నిలిచిన ఆ గట్టు కరిగి కరిగి నడుం వంగిన ముసలిదానిలా అయింది.

ఆ గట్టు కిందే గున్నమ్మ ఇల్లు. మొగుడు పోయాడు. కంద, బచ్చలి పండించుకుని బతికేది. మనిషి సన్నం, నోరు పెద్దది. ఆమె కూతురు సూరీడమ్మ నెలలు నిండి పురిటికి వచ్చింది. నాలుగడుగులు వేస్తే నడుం పట్టుకుని కూర్చునేది.

ఒకనాడు పొద్దున్నే గున్నమ్మ పొయ్యి రాజేస్తుంటే, గట్టులోంచి ఎండ్రకాయ ఒకటి తల బయట పెట్టింది.

"గున్నమ్మక్కా, గున్నమ్మక్కా! ఇన్నాళ్ళూ నా ఇంటికి ఒకటే వాకిలి. రాత్రి పెరటి వాకిలి కూడా వచ్చింది. అటు చూస్తే ఏరు కనబడుతోంది, ఇటు చూస్తే నీ పొయ్యి కనబడుతోంది."

గున్నమ్మ చేతిలో పుల్ల కింద పడింది.

"గట్టుకు బుంగ పెట్టి, పైగా నాకే వచ్చి చెబుతావా, సిగ్గులేనిదానా!"

"నన్నెందుకు తిడతావు? తవ్వడం నా పని. పూడ్చడం మీ పని. నేను నా పని మానలేదు" అంది ఎండ్రకాయ, డెక్కలు ఆడించుకుంటూ.

గున్నమ్మ పొయ్యి ఆర్పింది. కొంగు నడుముకు చుట్టి ఊళ్ళోకి పోయింది.

ముందు లంక పెద్ద బుల్లియ్య ఇంటికి వెళ్ళింది. లంకలో మేడ ఉన్నది ఆయనకొక్కడికే. అరుగు మీద కూర్చుని ఒళ్ళంతా నూనె పట్టించుకుంటున్నాడు.

"బావా, గట్టుకు బుంగ పడింది. నగారా కొట్టించు. దేవుడి మాట ప్రకారం అందరినీ పారలు పట్టుకుని రమ్మను."

"పండగ ముందు ఏం మాటలే ఇవి? దేవుడి మాట మనం ఎన్నడు తప్పాం? ఏటా రాతి మీద మొదటి చెయ్యి నాదే కదా!"

"ఏదీ, ఆ చెయ్యి చూపించు. ఒక్క కాయైనా కాసిందా? నా కూతురి బుగ్గ కూడా ఇంత నున్నగా ఉండదు."

బుల్లియ్య గబుక్కున పిడికిలి మూశాడు.

"నోరు అదుపులో పెట్టుకో. అయినా నా మేడ మెట్లు ఎక్కడానికి నీకే ఆయాసం వస్తోంది. ఏరు ఎక్కుతుందా? పో, పో!"

తర్వాత గుడి దిబ్బ ఎక్కింది. పూజారి సోమన్న పండగకు పసుపు నూరుతున్నాడు.

"సోమన్న గారూ, మీరైనా చెప్పండి. దేవుడు వేయమన్నది రాతి మీద కాదు, గట్టుకు!"

సోమన్న చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వు చూస్తే గున్నమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"తల్లీ, గట్టంటే మట్టి గట్టు అనుకుంటున్నావు. అది పైపై అర్థం. లోపలి అర్థం వేరు. అసలైన గట్టు భక్తి."

"అయితే ఆ భక్తినే తీసుకెళ్ళి ఏటికి అడ్డం పెట్టండి!"

"కోపం తగదు. ఈ దిబ్బ మీదికి ఏ నీళ్ళూ రావు. భయమేస్తే ఇక్కడికొచ్చి పడుకో."

"ఊరంతా పడుతుందా ఈ దిబ్బ మీద?"

సోమన్న మళ్ళీ పసుపు నూరుకున్నాడు.

చివరికి రేవుకు వెళ్ళింది. లంకలో పెద్ద పడవ సింగన్నది. వరసకు ఆమెకు మేనల్లుడు. నీళ్ళు ఊరకుండా పడవ అడుగుకు నల్లటి కీలు పూస్తున్నాడు.

"ఒరే సింగా, పదిమంది కుర్రాళ్ళను తీసుకుని రారా. బుంగ పూడ్చాలి."

"బుంగ దేనికత్తా పూడ్చడం? ఏరొస్తే పడవుంది కదా! సూరీడమ్మను ఎక్కించుకుని అవతలి ఒడ్డున దించుతాను. నిన్ను కూడా ఎక్కిస్తాలే. కాకపోతే నోరు ఇక్కడే వదిలేసి రావాలి, బరువెక్కువ."

"నా పక్కింటివాళ్ళో?"

"పట్టినంత మంది పడతారు."

"పట్టనివాళ్ళో?"

సింగన్న భుజాలు ఎగరేశాడు. "వాళ్ళూ రాతి మీద చెయ్యి వేస్తున్నారు కదా అత్తా! దేవుడు చూసుకుంటాడు."

చూశారా? ఒకడికి మేడ, ఒకడికి దిబ్బ, ఒకడికి పడవ. ఎవడి దారి వాడు లోపల దాచుకుని, పైకి మాత్రం అందరూ ఒకే రాతికి మొక్కుతున్నారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ పళ్ళు నూరాలనిపిస్తుంది.

పండగ రానే వచ్చింది. నగారా మోగింది. జనమంతా వరసగా నిలబడి రాతికి చేతులు అద్దుతున్నారు. గున్నమ్మ వచ్చి అందరి ముందూ నిలబడింది.

"వినండి! మీ పారలు గట్టు మీద పడేదాకా ఈ రాతి మీద నా చెయ్యి పడదు. పడితే నా పేరు గున్నమ్మ కాదు!"

"అయితే ఇంకేం పేరు పెట్టుకుంటావు అత్తా?" అని సింగన్న అడిగాడు. జనమంతా విరగబడి నవ్వారు.

ఆమె వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. పార తీసింది. తట్ట ఎత్తింది. ఒక్కతే మట్టి మోయడం మొదలుపెట్టింది. కూతురు కదలలేక గుమ్మంలో కూర్చునే మట్టిముద్దలు పిసికి ఇచ్చింది. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గుంకేదాకా అదే పని. దారిన పోయేవాడు ఎవడైనా పలకరిస్తే మొహం తిప్పుకునేది.

"అమ్మా, ఒక్కదానివి ఎంతని మోస్తావు? పోయి ఇంకొక్కసారి అడగరాదూ?" అంది సూరీడమ్మ.

"అడగను. చచ్చినా అడగను. దేవుడు చెప్పింది నేను చేస్తున్నాను. చెయ్యనివాళ్ళు కొట్టుకుపోతే పోతారు, నాకేం?"

గున్నమ్మ అంటే మీకు ఇష్టం కలుగుతోంది కదూ? నాకూ ఇష్టమే. అయినా ఆమె అన్న ఆ చివరి మాట తప్పు. ఎందుకు తప్పో ఏరే చెప్పింది.

ఎగువన ఎక్కడో కుండపోతగా వాన కురిసింది. లంక మీదా మబ్బు కమ్మి పట్టపగలే చీకటి పడింది. ఎర్రనీళ్ళతో ఏరు వచ్చింది. చెట్లనూ పాకలనూ దొర్లించుకుంటూ వచ్చి గట్టు పక్కన నిలబడింది. తడి చెయ్యి చాచి గట్టును ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తడిమింది.

"ఇదేమిటే? ఒక చెయ్యి నీది. ఒక చెయ్యి నీ కూతురిది. ఇంకెవరివీ తగలడం లేదు?" అంది బొంగురు గొంతుతో.

గున్నమ్మ పార నేలకు గుచ్చి నిలబడింది.

"ఇంకెవరూ వేయలేదు. వాళ్ళవన్నీ పసుపు చేతులు. నేను మాత్రం దేవుడి మాట నిలబెట్టాను. నువ్వు కూడా మాట నిలబెట్టుకో. నా ఇంటి జోలికి రాకు."

ఏరు నవ్వింది. ఆ నవ్వుకు గట్టు మీద మట్టిపెళ్ళ ఒకటి జారిపడింది.

"దేవుడు నాతో 'గున్నమ్మ' అనలేదే! 'అందరూ' అన్నాడు. వాళ్ళు ఆ మాటలో 'చెయ్యి' మరిచిపోయారు. నువ్వు 'అందరూ' మరిచిపోయావు. చెరి సగం మరిచారు. నాకేం, ఏ సగం పోయినా దారి దొరికినట్టే."

"వాళ్ళు రాకపోతే నన్నేం చేయమంటావే, ఎర్రమొహందానా? ఆ దేవుడినే వచ్చి వాళ్ళను లేపమను! తెలిసినదాని నెత్తినే ఎందుకు పెడతాడు అన్నీ?"

"అది నీకూ వాళ్ళకూ మధ్య సంగతి. నువ్వు పోసింది గట్టు కాదు, నీ పంతం. అది నన్ను ఆపదు. పొద్దు వాలే లోపల లోపలికి వస్తాను."

అప్పుడే ఇంట్లోంచి కేక వినబడింది. సూరీడమ్మకు నొప్పులు మొదలయ్యాయి.

ఆ స్థితిలో ఆమెను మోసుకుపోవడానికి లేదు. వదిలి పోవడానికీ లేదు. గట్టు తెగితే మొట్టమొదట పోయేది ఆ ఇల్లే. లోపల కూతురు, కూతురి కడుపులో ఇంకా లోకం చూడని బిడ్డ. గున్నమ్మ తన చేతులు చూసుకుంది. ఆ చేతులు చాలవు. జీవితంలో మొదటిసారి ఆమెకు అది తెలిసింది.

పార అక్కడే వదిలి, వానలో పరుగెత్తి గుడి దిబ్బ ఎక్కింది. నగారా కర్ర అందుకుంది. కొట్టింది. గుండె మీద గుద్దుకున్నట్టు కొట్టింది.

స్వామి పిలుస్తున్నాడని జనమంతా పరుగెత్తుకుంటూ వచ్చారు. బుల్లియ్య తాటాకు గొడుగు వేసుకుని వచ్చాడు.

"పండగ అయిపోయాక నగారా కొట్టే హక్కు నీకెవరిచ్చారే?" అని అరిచాడు.

"బావా, ఏరు గట్టు తోస్తోంది. నా కూతురు నొప్పులు పడుతోంది. రండి, అందరూ రండి!"

సోమన్న వేలెత్తి చూపాడు. "ఏరు ఎందుకు పొంగిందో నేను చెబుతాను వినండి. ఈ ఏడు రాతి మీద చెయ్యి వేయనిది లంకలో ఇదొక్కతే! ఒక్కరు తప్పినా చెల్లదని దేవుడు ఆనాడే చెప్పాడు!"

"అవును! అవును!" అని జనం అరిచారు. "ముందు రాతి మీద చెయ్యి వెయ్యి! తర్వాతే నీ మాట వింటాం!"

గున్నమ్మకు ఒళ్ళు మండిపోయింది. నాలుక చివరి దాకా తిట్లు వచ్చాయి. ఎన్ని తిట్లనీ! కానీ చెవిలో కూతురి కేక మోగుతోంది. అవన్నీ మింగేసింది.

రాతి దగ్గరికి నడిచింది. ఈదురుగాలికి జల్లు మండపం లోపలికే కొడుతోంది. ఊరంతా అద్దిన పసుపు కరిగి, పచ్చటి నీళ్ళై మెట్ల మీద కారిపోతోంది. రాతి మీద ఒక్క చెయ్యీ మిగల్లేదు. గున్నమ్మ తన చెయ్యి అద్దింది. ఆ చేతినిండా జిగట ఒండ్రు. జల్లు కొట్టినా అది పోలేదు. అంత పెద్ద రాతి మీద ఆ ఒక్క చెయ్యే నిలిచింది.

"ఇదిగో, వేశాను. నా పంతం పోయింది. నా తప్పు కూడా ఒకటుంది, చెబుతాను. మీరు రానన్నారని మిమ్మల్ని వదిలేసి ఒక్కదాన్నే మోశాను. వదిలేయకూడదు. మెడ పట్టుకుని ఈడ్చుకుపోవలసింది! దేవుడి మాట నా ఒక్కదానిదే అనుకున్నాను. నేను మీ రాతి దగ్గరికి వచ్చాను. మీరు నా గట్టు దగ్గరికి రండి."

రాతి మీద నిలిచిన ఆ ఒక్క చేతినే జనం చూశారు. బుల్లియ్య గొడుగు సర్దుకున్నాడు.

"సరే, చూసి వద్దాం. చూడటమే, అంతే" అన్నాడు.

అందరూ చూడటానికి బయలుదేరారు. మన జనానికి చూడటమంటే ఇష్టం కదా!

గట్టు దగ్గరికి చేరేసరికి బుంగలోంచి నీళ్ళు బుసబుసా చిమ్ముతున్నాయి. ముందు నడుస్తున్న బుల్లియ్య కాళ్ళ దగ్గరే చిమ్మాయి. ఆయన తుళ్ళిపడ్డాడు. కుండకు చిల్లి పడితే ఎవరైనా ఏం చేస్తారు? చెయ్యి అడ్డం పెడతారు. ఆయనా అదే చేశాడు. ఆలోచించి చేసింది కాదు. గొడుగు పారేసి, చెయ్యి బుంగలోకి దూర్చాడు. నీళ్ళు ఆగాయి. కానీ మట్టి కుంగి చెయ్యి మోచేతి దాకా బిగుసుకుపోయింది. తీస్తే గట్టు తెగుతుంది. తీయకపోతే చెయ్యి విరుగుతుంది.

"ఒరే! చూస్తారేమిటిరా! ఒక చెయ్యి వేయండిరా! అయ్యా, అమ్మా, తలా ఒక చెయ్యి వేయండి!" అని గావుకేక పెట్టాడు.

ఆ మాట జనమంతా పుట్టినప్పటి నుంచి విన్నదే. ఏటా రాగం తీసి పాడించుకున్నదే. ఇవాళ రాగం లేకుండా, ఒక మనిషి నొప్పితో అరిచాడు. అప్పుడు అర్థమైంది.

అందరికన్నా ముందు సోమన్నకు అర్థమైంది. మొహం నల్లబడింది.

"ఇదేరా ఆ మాట! దేవుడన్నది ఈ మాటేరా! ఇన్నాళ్ళూ నా నోటితో నేనే పాడి, నేనే వినలేదు!" అని తల కొట్టుకున్నాడు. పట్టుపంచె ఎగ్గట్టి బురదలోకి దూకాడు.

ఆ తర్వాత ఎవరూ ఎవరినీ పిలవలేదు. పారలు లేనివాళ్ళు చేతులతోనే తవ్వారు. తట్టలు లేనివాళ్ళు కొత్త చీరల కొంగుల్లో మట్టి మోశారు. బుల్లియ్య భార్య, ఇద్దరు ముసలమ్మలు ముందు తలా ఒక తట్ట గట్టు మీద పోసి, తర్వాత సూరీడమ్మ దగ్గరికి పరుగెత్తారు. సోమన్న దగ్గరుండి మండపం విప్పించాడు. తాతలు కట్టిన ఆ స్తంభాలను దొర్లించుకుంటూ తెచ్చి గట్టుకు ఊతం పెట్టారు.

గున్నమ్మ నోరు ఇప్పుడు ఊరికి పనికొచ్చింది. "అక్కడ కాదురా, ఇక్కడ! మెత్తగా తొక్కుతావేం, పులిహోర తిన్న కాళ్ళు కాదూ అవి?" అంటూ గట్టు ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగింది.

పొద్దు వాలుతుండగా ఏరు ఒళ్ళు విరుచుకుని లేచింది. గట్టును మళ్ళీ తడమడం మొదలుపెట్టింది.

"ఇది నూనె రాసుకున్న చెయ్యి. ఇది పసుపు నూరిన చెయ్యి. ఇది ముసలి చెయ్యి. ఇది పసి చెయ్యి... ఒకటి తక్కువ. ఒక్కటి తక్కువ! నేను వస్తున్నాను."

ఎవరు? ఎవరు తక్కువ? అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరూ రేవు వైపు చూశారు.

సింగన్న పడవ తాడు విప్పుతున్నాడు. పడవలో అతని పెళ్ళాం తలవంచుకుని కూర్చుని ఉంది. ఆమె చేతుల నిండా బురద. గట్టు మీద మట్టి పోస్తున్న ఆమెను సింగన్నే చెయ్యి పట్టి లాక్కొచ్చాడు.

"ఒరే సింగా!" అని గున్నమ్మ అరిచింది. "పోరా, పో! ఆ ఒడ్డుకు చేరి ఎవరితో మాట్లాడుకుంటావురా? ఇక్కడ నువ్వు అత్తా అని పిలవడానికి ఎవరూ మిగలరు!"

గట్టులో మోచేతి దాకా చెయ్యి దిగబడి ఉన్న బుల్లియ్య తల ఎత్తాడు. గొంతు పోయింది ఆయనకు.

"సింగా, నేను నా చెయ్యి తీయలేను. నువ్వు నీది వేయగలవు" అన్నాడు. అంతే అన్నాడు.

సింగన్న చేతిలో తాడు అలాగే ఉండిపోయింది. పెళ్ళాం పడవ దిగి, అతని మొహం చూడకుండా గట్టు వైపు నడిచిపోయింది. సింగన్న ఉన్నట్టుండి గొడ్డలి అందుకున్నాడు. పడవను గట్టు వారనే, బుంగకు ఏటివైపున ఉన్న నోటి దగ్గరికి తెచ్చాడు. తను కన్నబిడ్డలా చూసుకున్న ఆ పడవ అడుగున, ఏడుస్తూ, తిట్టుకుంటూ, గొడ్డలితో కొట్టాడు. పడవ మునిగింది. బుంగ నోటికి పలకలా అతుక్కుంది. దాని మీద అందరూ మట్టి గుమ్మరించారు.

ఏరు ఆ పడవను తడిమింది. దాని పైన ఆనించి ఉన్న సింగన్న చేతిని తడిమింది.

"ఇది తెడ్డు పట్టిన చెయ్యి" అంది.

తర్వాత తల వంచుకుని, లంక పక్కనుంచి, సముద్రం వైపు వెళ్ళిపోయింది.

అప్పుడే గున్నమ్మ ఇంట్లోంచి బిడ్డ ఏడుపు వినబడింది. ఆడపిల్ల. తెల్లారాక ఆ పిల్లకు గట్టమ్మ అని పేరు పెట్టారు. సూరీడమ్మకు ఆ పేరు నచ్చలేదు, కానీ ఊరంతా అలాగే పిలిచింది.

బుల్లియ్య చెయ్యి తవ్వి తీశారు. అది వంకరపోయింది, మళ్ళీ సరిగా రాలేదు. ఆయన మాత్రం ఆ చేతిని ఎన్నడూ కండువా కింద దాచుకోలేదు. ఊరంతా చెట్లు కొట్టి సింగన్నకు కొత్త పడవ చేసి ఇచ్చింది. ఈసారి అది ఒక్కడి పడవ కాదు. రాతిని దిబ్బ మీది నుంచి దించి గట్టు మొదట్లో మళ్ళీ నిలబెట్టారు.

మరి గున్నమ్మ మెత్తబడిందా? ఎక్కడ మెత్తబడుతుంది! మరుసటి ఏడు పండగ నాడు కర్ర పుచ్చుకుని గట్టు మీద నిలబడింది. ఎవరో అలవాటు కొద్దీ పసుపు గిన్నె తెస్తే, లాక్కుని ఏట్లో పారేసింది. పని తప్పించుకుని మంచాన పడుకున్నవాడి ఇంటికి తనే పోయి, తిట్టి, చెయ్యి పట్టి తీసుకొచ్చింది. చివరి మనిషి చెయ్యి గట్టు మీద పడేదాకా, రాతి దగ్గరికి ఒక్కరినీ పోనివ్వలేదు.

ఇప్పుడు మీరు చెప్పండి. మీరు అద్దిన చేతులు వానకు నిలుస్తాయా? మీ చేతులు కాదు పిల్లలూ, మీవి ఇంకా చిన్నవి. ఆ వెనక కూర్చున్నవాళ్ళను అడుగుతున్నాను.

దేవుడి మాటను ఊరంతా కలిసి, ఒళ్ళు వంచి చేస్తేనే చేసినట్టు. మొక్కి ఊరుకున్నా తప్పినట్టే, పక్కవాడిని వదిలేసి ఒక్కరే చేసినా తప్పినట్టే.